కల్లంలో తీసిన బొమ్మ

మా మేనత్తది దర్శికి దగ్గర్లో ఒక పల్లె. మామయ్య చిన్న వయసులోనే పోతే, కొడుకుని పక్కన పెట్టుకుని వ్యవసాయమంతా ఆవిడే నడిపించింది. నల్లరేగడిలో పత్తి, బావి కింద చెక్కలో మిరప, మిగిలిన దాంట్లో పొగాకు. మా అమ్మ పోయాక నన్ను కొన్నాళ్ళు తన దగ్గరే ఉంచుకుని సాకింది కూడా ఆవిడే. అందుకని నేను గుంటూరులో ఆడపిల్లల కాలేజీలో ఇంగ్లీషు చెప్పే ఉద్యోగంలో చేరాక కూడా, నాలుగు రోజులు సెలవు దొరికితే చాలు, చిలకలూరిపేట మీదుగా బస్సులు మారి ఆవిడ దగ్గరికే వెళ్ళేదాన్ని.

ఎనభైల నడుమ ఆవిడ కుడికంట్లో శుక్లం ముదిరింది. ఎడమ కన్ను బాగానే ఉండేది. "ఒంటికంటితోనే మిరపలో తాలుకాయ ఏదో మంచికాయ ఏదో చెప్తా, నాకేం తక్కువ?" అనేది. కానీ గట్ల మీద నడిచేటప్పుడు కుడి పక్కకి ఒరిగిపోయి ఒకసారి కాలవలో పడింది. అప్పటి నుంచి మా బావ, అంటే ఆవిడ కొడుకు, కన్ను చూపించుకోమని పోరు పెట్టాడు.

ఆ చలికాలం మైకు కట్టిన జీపు ఒకటి పల్లెలన్నీ తిరిగింది. దర్శిలో కంటి శిబిరం పెడుతున్నారనీ, అమెరికా నుంచి పెద్ద డాక్టరు వస్తున్నాడనీ, ఆపరేషనూ అద్దాలూ అన్నీ ఉచితమనీ చెప్పింది. శిబిరం పెట్టించింది ఒక పొగాకు వ్యాపారి. చుట్టుపక్కల రైతుల పొగాకు చాలావరకు కొనేది ఆయనే. తన గోడౌను ఖాళీ చేయించి, సున్నం కొట్టించి, వరసగా చాపలు పరిపించాడు. ఆ డాక్టరుతో పాటు కెమెరాలు పట్టుకుని నలుగురైదుగురు తెల్లవాళ్ళు వచ్చారు. వాళ్ళు సినిమా తీస్తున్నారని అందరికీ తెలుసు. ఏం సినిమా అన్నది ఎవరికీ తెలియదు.

నేనా రోజుల్లో అక్కడ లేను. పరీక్ష పేపర్లు దిద్దుతూ గుంటూరులో ఉన్నాను. శిబిరంలో జరిగినదంతా తర్వాత అత్త నోటి నుంచి విన్నదే. సున్నం వాసన కింద పొగాకు వాసన అలాగే ఉందట. పక్క చాప మీద ముసలాయన తుమ్ముతూనే ఉంటే, తుమ్మితే కుట్లు ఊడతాయని కాంపౌండరు తిట్టేవాడట. ఆ తెల్ల డాక్టరు పొడుగ్గా, వంగిపోయి, మా తాతయ్యలా ఉన్నాడని చెప్పింది. ఆయన తెలుగులో ఒకటే మాట నేర్చుకున్నాడు: "పర్లేదు". కంటికి సూది గుచ్చేటప్పుడు ఆవిడ చెయ్యి పట్టుకుని ఆ మాటే అన్నాడట.

"ఎంత మెత్తటి చేతులే అమ్మాయ్! పసిపిల్లాడి చేతుల్లా ఉన్నాయి. ఆడాళ్ళ చేతులు కూడా అంత మెత్తగా ఉండవు."

ఆ మాట చెప్పినప్పుడు ఆవిడ మంచంలో పడి ఉంది. నేను శనివారం సాయంత్రం వెళ్ళేసరికి కుడికన్ను గుడ్డతో కట్టి ఉంది. గుడ్డ తడిగా, పచ్చగా ఉంది. గది నిండా వాసన. ముఖం ఆ పక్కంతా ఉబ్బింది. మాట్లాడుతూ మాట్లాడుతూ పళ్ళు కొరుక్కుని ఆగిపోయేది. మళ్ళీ మొదలుపెట్టేది.

"ఎప్పటి నుంచి ఇలా ఉంది?" అని బావని అడిగాను.

"కట్టిప్పిన మర్నాటి నుంచే నెప్పి మొదలైంది. శిబిరం ఎత్తేశారు. ఆ డాక్టరు మద్రాసు పోయాడంట. గోడౌనాయన్ని అడిగితే, కొత్తలో నెప్పి ఉంటది, చుక్కల మందు వేస్తూ ఉండండి అన్నాడు."

"గుంటూరు తీసుకురావచ్చుగా?"

"తగ్గుద్దనుకున్నాం," అన్నాడు. తల వంచుకున్నాడు.

కట్టు విప్పిన రోజు ఏం జరిగిందో అత్త చెప్పింది. ముందు గోడౌనులోనే కెమెరా ఎదుట కట్టు విప్పారు. పెద్ద దీపాలు పెట్టారు. కళ్ళు మండిపోయాయట. ఏం కనపడుతోందని వ్యాపారి తెలుగులో అడిగితే, "మసగ్గా ఉంది బాబూ, నెప్పిగా ఉంది, ఆ దీపాలు తీసేయమను" అంది. ఆ తర్వాత ఇంటిదాకా దింపుతామని జీపెక్కించారు. ఊళ్ళోకి వచ్చేదారిలో మా కల్లం ఉంది. మిరపకాయలు ఎండబోసి, కూలి ఆడవాళ్ళు తాలుకాయలు ఏరుతున్నారు. కెమెరా అతను ఆ ఎరుపు చూసి జీపు ఆపించాడు. ఆవిడని దింపి కాయల మధ్య కూర్చోబెట్టారు. కట్టు విప్పాక మళ్ళీ కంటి మీద పెట్టిన దూదీ ఆకుపచ్చ గుడ్డా తీసేయమన్నారు.

"చేతుల్తో కాయలు ఎత్తి పొయ్యమ్మా, నవ్వుతూ పొయ్యి అన్నాడు గోడౌనాయన. పోశాను. మళ్ళీ పొయ్యమన్నారు. గాలి నా వైపు తిరిగింది. మళ్ళీ పొయ్యమన్నారు. ఏం చేస్తాం, అంత దూరం నుంచి వచ్చి నా కన్ను బాగుచేసినోళ్ళు, అడిగితే కాదంటామా?"

మర్నాడు మొదటి బస్సుకే ఆవిడని గుంటూరు తీసుకువచ్చాం. అద్దంకి దాటాక రోడ్డు గుంతలు. ప్రతి గుంతకీ ఆవిడ నా చెయ్యి నలిపేసింది, నోరు మాత్రం తెరవలేదు. నాకు తెలిసిన కంటి డాక్టరు ఒకాయన గుడ్డ విప్పి, టార్చి వేసి చూసి, మమ్మల్ని పక్క గదిలోకి పిలిచాడు.

"ఈ కన్ను దక్కదమ్మా. లోపలంతా చీము పట్టింది. ఉంచితే రెండో కంటికి కూడా ప్రమాదం. తీసేయాలి."

"ఎందుకిలా అయింది డాక్టరుగారూ?"

"ఆపరేషన్‌లోనే క్రిమి చేరి ఉండొచ్చు. తర్వాత దుమ్మూ ధూళీ పడి ఉండొచ్చు. ఈ స్థితిలో చూసి ఇదే కారణమని చెప్పడం నా వల్ల కాదు. ఎవరి వల్లా కాదు."

ఆ మాట నేను ఈనాటికీ మర్చిపోలేదు. తర్వాత ఎంతమంది ఎంత నిశ్చయంగా చెప్పినా, పాడయ్యాక ఆ కన్ను చూసిన డాక్టరు ఆయనొక్కడే. ఆయనకే నిశ్చయం లేదు.

కన్ను తీసేశారు. మెలకువ వచ్చాక ఆవిడ నన్ను అడిగింది, "తీసిన కన్ను ఏం చేస్తారే?" అని. నాకు తెలియదన్నాను. "మంట్లోనో మట్టిలోనో ఎయ్యమను. ఎక్కడో పారేయొద్దని చెప్పు," అంది. నేను నర్సుకి చెప్పాను. ఆవిడ సరేనంది. ఏం చేశారో నాకు తెలియదు.

ఊరికి వెళ్ళాక అత్త నల్లద్దాలు పెట్టుకోనంది. కొంగు కుడి చెంప మీదికి లాక్కునేది. మొదటి ఏడాది ఎవరన్నా ఎదురైతే ఆగి మాట్లాడకుండా వెళ్ళిపోయేది. తర్వాత అలవాటుపడింది. మిరప కోతలకి మళ్ళీ పోయింది. ఆ వరసలో పడుకున్నవాళ్ళలో ఇంకా ఇద్దరికి కళ్ళు పోయాయని విన్నాం. ఒకరిది పొదిలి వైపు. మేము వెళ్ళి కనుక్కోలేదు. తెల్ల డాక్టరు మీద గానీ గోడౌను వ్యాపారి మీద గానీ అత్త ఒక్క మాట అనేది కాదు. మన రాత అనేది. బావ కూడా అంతే. ఆయనకి ఇంకో కారణం ఉంది, పొగాకు అమ్ముకోవలసింది ఆ వ్యాపారికే.

అప్పటికి రెండేళ్ళు గడిచాయి. పత్తిని తెల్లదోమ పట్టి పీడించిన రోజులవి. ఏ చేలోకి వెళ్ళినా పురుగుమందు వాసన. బావ చేను కూడా ఆకంతా జిగురుగా, నల్లగా మాడింది. ఒక మధ్యాహ్నం నేను క్లాసు చెప్పి బయటికి వస్తుంటే కాలేజీ గేటు దగ్గర బావ నిలబడి ఉన్నాడు. పక్కన అంబాసిడర్ టాక్సీ. అందులో ఒక తెల్లాయన, వయసు మళ్ళినవాడు, చెమటతో చొక్కా తడిసిపోయి ఉన్నాడు.

"ఈయన అమెరికా పేపరాయన. అమ్మ కన్ను గురించి అడుగుతున్నాడు. గోడౌనాయన మనిషినిచ్చి పంపాడు గానీ, మేం నాలుగు మాటలు చెప్తే ఆ మనిషి ఒకటే చెప్తున్నాడని ఈయనకి అనుమానం. నువ్వు రావాలి," అన్నాడు బావ.

దారిలో ఆ విలేకరి నాకు విషయం చెప్పాడు. ఆనాడు తీసింది వాళ్ళ దేశపు వైద్యం మీద డాక్యుమెంటరీ అట. అక్కడ ఇన్సూరెన్సు లేని పేదవాళ్ళు ఆస్పత్రి గడప ఎలా తొక్కలేకపోతున్నారో చూపించి, దానికి పోటీగా మా దర్శి గోడౌను చూపించారు. అక్కడ డబ్బు అడిగే ఆస్పత్రులతో విసిగిన డాక్టరు, ఇక్కడికొచ్చి ఎవరినీ ఏమీ అడగకుండా చూపు ఇస్తున్నాడు, అని. సినిమాకి మంచి పేరొచ్చింది. దాంతో అక్కడి ఆస్పత్రుల పక్షం వాళ్ళు, డాక్టర్ల సంఘాల వాళ్ళు, అందులో అబద్ధాలు ఉన్నాయని పత్రికల్లో గొడవ లేపారు. తీసినవాళ్ళు ఒక్క అక్షరం తప్పు లేదన్నారు. ఏది నిజమో తేల్చడానికి ఈయన్ని పంపారు.

"సినిమాలో ఉన్న అమెరికా వాళ్ళందరినీ కలిశాను. మిగిలింది మీ అత్తగారే," అన్నాడు.

మంచి మనిషిలాగే ఉన్నాడు. ఇంట్లోకి వచ్చేటప్పుడు బూట్లు విప్పాడు. అత్త ఎదురుగా కింద కూర్చున్నాడు. ఒక్కొక్క ప్రశ్నే అడిగి, నేను చెప్పింది మళ్ళీ నాకే చదివి వినిపించి రాసుకున్నాడు.

"సినిమాలో ఈవిడకి డెబ్భై ఏళ్ళని చెప్పారు. నిజమేనా?"

"డెబ్భయ్యా! మా అబ్బాయికే ఇంకా నలభై నిండలేదు. వాణ్ణి పదహారో ఏట కన్నా," అంది అత్త.

"ఆపరేషన్‌కి ముందు పూర్తిగా గుడ్డిదని చెప్పారు."

"ఎడమ కంటితో సూదిలో దారం ఎక్కించేదాన్ని. చెప్పు ఆయనకి."

చెప్పాను. ప్రతి తప్పు దొరికినప్పుడూ ఆయన పెన్ను వేగంగా కదిలేది. అది నేను గమనించాను, అత్త కూడా గమనించింది. తర్వాత ఆయన కొంచెం ఆగి, శిబిరం పెట్టించిన వ్యాపారి తనకి చెప్పిన మాట చెప్పాడు. ఆపరేషన్ శుభ్రంగా జరిగింది, ఆవిడే చెప్పిన జాగ్రత్తలు వినకుండా మిరపకల్లంలో పనికి పోయింది, కారం చేతులతో కన్ను నలుపుకుంది, అందుకే పోయింది, అని. కల్లంలో పనిచేస్తున్నట్టు సినిమాలోనే ఉంది కదా అని.

నేను తెలుగులో చెప్పడం పూర్తికాకముందే అత్త లేచి నిలబడింది.

"నేనా? నేను నలుపుకున్నానా? ఎవడన్నాడు ఆ మాట? మిరపకాయల్లో పుట్టి మిరపకాయల్లో పెరిగినదాన్ని, కారం చేత్తో కన్ను ముట్టుకోకూడదని నాకు తెలియదా? పసిపిల్లకి తెలుసే ఆ సంగతి!"

"అమ్మా, నువ్వూరుకో," అన్నాడు బావ. "ఆయనేదో అన్నాడులే. ఇప్పుడు మనకెందుకు?"

"నువ్వూరుకోరా! నీ పొగాకు ఆయన కొనకపోతే ఇంకోడు కొంటాడు. కన్ను పోయింది నాది. పోతే పోయింది, నేనే పోగొట్టుకున్నానంటే ఎట్టా ఊరుకునేది?"

ఆవిడే గుమ్మంలోకి వెళ్ళి, ఆ రోజు కల్లంలో ఉన్న కూలావిడని కేకేసి పిలిచింది. ఆవిడ వచ్చి, చేతులు తుడుచుకుంటూ, చూసింది చూసినట్టు చెప్పింది. జీపు ఆగిందనీ, కట్టిప్పిన రోజే అనీ, కంటి మీద గుడ్డ వాళ్ళే తీయించారనీ, కాయలు నాలుగైదుసార్లు పోయించారనీ, ఈవిడ కన్ను ముట్టుకోవడం తాను చూడలేదనీ. విలేకరి తలెత్తి నా వంక చూశాడు.

"అదే రోజా? సినిమాలో ఆ బొమ్మ దగ్గర 'రెండు వారాల తర్వాత' అని చెప్తారు. కచ్చితంగా అదే రోజా?"

ఆ ఒక్కటే మూడుసార్లు అడిగాడు. తేదీ కావాలన్నాడు. తేదీ ఎవరికీ తెలియదు. కట్టిప్పిన రోజే అన్నది మాత్రం అందరికీ తెలుసు. ఆయన రాసుకున్నాడు. వెళ్ళేముందు అత్త ఆయన ముందుకు వెళ్ళి నిలబడి నాతో అంది.

"ఆయనకి ఒకటే చెప్పవే. డెబ్భై అని రాసినా తొంభై అని రాసినా నాకక్కర్లేదు. నేను కన్ను నలుపుకోలేదు. అది రాయమను."

నేను చెప్పాను. ఆయన తలూపాడు. "రాస్తాను," అన్నాడు. టాక్సీ వెళ్ళిపోయింది.

ఆ పదిరోజుల్లో సంగతి మన తెలుగు పత్రికల్లోకి పాకింది. ఒక పత్రిక వ్యాపారి ఇచ్చిన ప్రకటన అచ్చేసింది. దేశానికి చెడ్డపేరు తెచ్చేందుకు విదేశీ విలేకరి తిరుగుతున్నాడనీ, సదరు వృద్ధురాలు స్వయంకృతం వల్లే కన్ను పోగొట్టుకుందనీ. పక్కన బొమ్మ. ఎర్రటి కాయల మధ్య మా అత్త కూర్చుని, రెండు చేతులా కాయలు ఎత్తి, నోరు తెరిచి నవ్వుతోంది. అచ్చులో అన్నీ నల్లగానే పడ్డాయి గానీ కల్లమని తెలుస్తూనే ఉంది. దానికి పోటీగా ఇంకో పత్రిక, అమెరికా డాక్టరు అవ్వ కళ్ళు రెండూ పీకేశాడనీ, ఆవిడ తిండి లేక మంచాన పడి చావుబతుకుల్లో ఉందనీ రాసింది. అది చదివి మా బంధువులు చీరాల నుంచీ వేటపాలెం నుంచీ పళ్ళు పట్టుకుని చూడటానికి వచ్చారు. వచ్చినవాళ్ళకి అత్త పొయ్యి దగ్గర కూర్చుని వండిపెట్టింది. ఒకావిడ గుమ్మంలోనే ఏడుపు ఎత్తుకుని, లోపల అత్త నిలబడి ఉండటం చూసి ఆపేసింది.

నవ్వు రావలసిన సంగతే. ఆ ఇంట్లో ఎవరూ నవ్వలేదు. ఊళ్ళో రెండు పత్రికలూ చదివినవాళ్ళు మొదట రెండు ముఠాలయ్యారు. చివరికి, రెండో పత్రిక రాసింది అబద్ధమని అత్తని చూస్తేనే తెలిసిపోతోంది కాబట్టి, మొదటి పత్రిక రాసిందే నిజమని తేల్చారు. బజార్లో ఆవిడ ఎదురుగానే, "ఏం పెద్దమ్మా, కారం చేత్తో నలుపుకుంటివంటగా?" అని అడిగారు. ఆ ఏడు పొగాకు కొనుగోళ్ళ వేళకి బావ వ్యాపారి దగ్గరికి వెళ్ళి, మావాళ్ళు ఆవేశంలో ఏదో అన్నారని చెప్పుకుని వచ్చాడట. ఆ సంగతి నాకు చాన్నాళ్ళకి తెలిసింది. అత్తకి మాత్రం ఆ సాయంత్రమే తెలిసిపోయింది. వారం రోజులు కొడుకుతో మాట్లాడలేదు.

తర్వాత సినిమా తీసినవాళ్ళ తరఫున ఒకామె వచ్చింది. ముప్ఫై ఏళ్ళుంటాయేమో, నూలు చీర కట్టుకుని వచ్చింది, కట్టడం సరిగ్గా రాలేదు. సినిమా క్యాసెట్ తెచ్చింది. అత్త సినిమా చూస్తానంది. బావ దర్శి నుంచి టీవీ, వీసీఆర్ అద్దెకు తెచ్చాడు. ఇంటి నిండా జనం. కరెంటు ఎప్పుడు పోతుందోనని భయం.

ఎక్కువ భాగం అమెరికానే. ఆస్పత్రి బయట కారులో కూర్చుని ఒక నల్లజాతి తల్లి ఏడుస్తోంది. ఒక ముసలాయన మందుబిళ్ళల్ని కత్తితో సగానికి కోసుకుంటున్నాడు. అవి చూసి మావాళ్ళు "అయ్యో" అన్నారు. అత్త కూడా అంది. అవి నిజమేనని నాకనిపించింది, ఇప్పటికీ అనిపిస్తుంది. ఆ తర్వాత మా గోడౌను వచ్చింది. దీపాలు, చాపలు, డాక్టరు. కట్టు విప్పారు. అత్త ముఖం టీవీ నిండా. ఆవిడ పెదాలు కదిలాయి. పైన ఒక ఆడగొంతు ఇంగ్లీషులో చెప్పింది: నాకు అంతా కనపడుతోంది, దేవుడే మా ఇంటికి వచ్చాడు, అని.

"ఆపండి," అన్నాను. వెనక్కి తిప్పించి, సౌండు పెంచి, టీవీకి చెవి పెట్టి విన్నాను. ఇంగ్లీషు గొంతు కింద, సన్నగా, అత్త గొంతు ఉంది. మసగ్గా ఉంది బాబూ. నెప్పిగా ఉంది.

"ఆవిడ ఈ మాట అనలేదు," అన్నాను ఆమెతో. ఏమందో చెప్పాను.

ఆమె ముఖం పాలిపోయింది. "మాకు అప్పుడు అనువాదం చేసిన పెద్దమనిషి ఇలాగే చెప్పారు. మాలో ఎవరికీ మీ భాష రాదు," అంది. ఆ పెద్దమనిషి గోడౌను వ్యాపారి.

"ఆ తర్వాత ఇంకెవరినన్నా అడగలేదా?"

ఆమె సంచిలోంచి నోటుపుస్తకం తీసి, నేను చెప్పిన మాట రాసుకుంది.

అత్త నన్ను గిల్లింది. "ఏమంటుందే ఆ గొంతు? నేను మాట్లాడేది వినపడనీదే?" చెప్పాను. విని, "దేవుడా! నేను దేవుడి మాటే ఎత్తలేదే," అంది.

తర్వాత కల్లం బొమ్మ వచ్చింది. రంగుల్లో. ఊళ్ళోవాళ్ళంతా "అబ్బ" అన్నారు. అంత ఎరుపు. నిజంగానే చూడముచ్చటగా ఉంది. అత్త మాత్రం అక్కడ కాయలు చూడలేదు. "ఆగు, ఆగు. అదుగో నా కుడికన్ను," అంది. బొమ్మలో ఆవిడకి రెండు కళ్ళూ ఉన్నాయి. ఆవిడ దగ్గరికి జరిగి, ఎడమ కన్ను గాజుకి ఆనేలా పెట్టి చూసింది. బావ లేచి బయటికి వెళ్ళిపోయాడు.

ఆ అమెరికా అమ్మాయి తప్పులన్నీ దిద్దుతామంది. ఏడ్చింది కూడా. కానీ మొత్తంగా సినిమా చెప్పేది నిజమనీ, ఈ చిన్న తప్పుల్ని పట్టుకుని అక్కడి పెద్దవాళ్ళు అసలు విషయాన్ని పాతిపెడుతున్నారనీ, డాక్టరు మంచివాడేనని మీ అత్తగారు ఒక్కమాట చెబితే చాలా సాయమవుతుందనీ నన్ను బతిమాలింది. అత్తకి చెప్పాను.

"ఆయన మంచోడే. మెత్తటి మనిషి. రాసుకోమను," అంది అత్త వెంటనే. "రాసి, నేను కన్ను నలుపుకోలేదని కూడా రాయమను. రెండూ పక్కపక్కనే రాయమను."

ఆమె రెండూ రాసుకుంది. అత్త చేతులు పట్టుకుని వెళ్ళింది.

కొన్ని నెలలకి ఆమె నాకు అమెరికా పత్రికల ముక్కలు పంపింది. ఆ విలేకరి వ్యాసం పెద్దదే. అందులో మా అత్త ఒక పేరా. వయసు తప్పు, గుడ్డితనం తప్పు, 'రెండు వారాల తర్వాత' అన్నది తప్పు, కన్ను తర్వాత తీసేశారు. అంతే. ఎందుకు పోయిందన్న విషయంలో భిన్నాభిప్రాయాలు ఉన్నాయని ఒక వాక్యం. సినిమావాళ్ళ జవాబులో, వయసు దిద్దాం, 'రెండు వారాల' మాట తీసేశాం, డాక్టరు మీద ఆవిడకి నేటికీ గౌరవమే అని ఉంది. మిగిలిన పేజీలన్నీ వాళ్ళ ఇన్సూరెన్సు, వాళ్ళ ఆస్పత్రులు. రెండు పక్షాలూ తామే గెలిచామని రాసుకున్నాయి. అత్త అడిగిన మాట ఎవరూ రాయలేదు. వాళ్ళ తగాదాలో దానితో ఎవరికీ పని పడలేదు.

నేను ఊరుకోలేక, స్వయంకృతమని రాసిన పత్రిక గుంటూరు ఆఫీసుకి వెళ్ళాను. డెస్కు మీద ఉన్నతను మర్యాదగానే కూర్చోమన్నాడు.

"మేడమ్, అది ఆయనిచ్చిన ప్రకటన. మేం రాసింది కాదండి."

"అయితే మా అత్త మాట కూడా ప్రకటనగానే వేయండి."

"ఎప్పటి సంగతండీ అది! ఇప్పుడు వేస్తే చదివేవాడికి అర్థం కూడా కాదు. పైగా డాక్టరు సర్టిఫికెట్ ఏదన్నా ఉందా, నలుపుకోలేదని?"

అలాంటి సర్టిఫికెట్ ఎవరిస్తారు? లేచి వచ్చేశాను.

ఆ తెల్ల డాక్టరు మళ్ళీ మా వైపు రాలేదు. తర్వాతి చలికాలం ఇంకెవరో శిబిరం పెట్టబోతే పల్లెల నుంచి జనం కదల్లేదని విన్నాను. మా అత్త కన్ను సంగతి విన్నవాళ్ళు పదిమంది కళ్ళల్లో పొరలతోనే ఉండిపోయారు. అందులో కొందరి పేర్లు నాకు తెలుసు.

ఎనభైలు ముగిసేలోపే అత్త ఎడమ కన్ను కూడా మసకబారింది. అదీ శుక్లమే. గుంటూరు డాక్టరు చూసి, ఆస్పత్రిలో చేయిస్తే భయం లేదని, తానే చేస్తానని చెప్పాడు. తేదీ కూడా తీసుకున్నాను. ఆ రోజు పొద్దున మా ఇంట్లో తల దువ్వుకుంటూ దువ్వుకుంటూ దువ్వెన పక్కన పెట్టేసింది.

"నేను రానే."

"భయమా అత్తా? ఆయన మంచి డాక్టరు. నేను పక్కనే ఉంటాను."

"కత్తికి భయం లేదు. ఇది కూడా పోయిందనుకో, నేనే పొడుచుకున్నానంటారు. ఇంకోసారి ఆ మాట పడలేను."

బతిమాలాను. కోప్పడ్డాను. బావ వచ్చి కాళ్ళు పట్టుకున్నాడు. ఆవిడ కదల్లేదు. మధ్యాహ్నం బస్సుకి ఊరెళ్ళిపోయింది. రెండేళ్ళలో వెలుగూ చీకటీ తప్ప ఇంకేమీ తెలియని స్థితికి వచ్చింది. చివరికి అది కూడా పోయింది. కోడలు బాగానే చూసింది, అన్యాయం చెప్పకూడదు. అన్నం ముద్దలు చేసి చేతిలో పెట్టేది. కానీ అత్త పొలం మాట అడగడం మానేసింది. ఎవరన్నా పలకరిస్తే, "ఎవరూ?" అని అడిగేది కాదు, ఊరికే తలూపేది.

ఆవిడ పోయిన రోజు నేను వెళ్ళేసరికి వాకిలి నిండా జనం. ఆడవాళ్ళ మధ్య కూర్చున్నాను. నా వెనకాల ఎవరో పక్క ఊరావిడ, చిన్న వయసే, ఇంకొకామెకి మెల్లిగా చెబుతోంది.

"పాపం, కారం చేతుల్తో నలుపుకుందంట. అట్టా పోయాయంట కళ్ళు."

నేను వెనక్కి తిరిగి, "కాదమ్మా, అలా జరగలేదు," అన్నాను.

"అయ్యో, అప్పట్లో పేపర్లో కూడా వేశారంట కదండీ," అంది, నా తప్పు దిద్దుతున్నట్టుగా, మర్యాదగా.

గోడౌను, దీపాలు, జీపు, కంటి మీద గుడ్డ ఎవరు తీయించారో, అన్నీ మొదటి నుంచి చెప్పాను. ఇద్దరు ముగ్గురు విన్నారు. ఒకామె నిట్టూర్చింది. ఇంతలో నీళ్ళు కాగాయి రండమ్మా అని లోపలి నుంచి పిలిచారు. అందరం లేచి, ఆవిడకి స్నానం చేయించడానికి వెళ్ళాం.